ఊరి చరిత్ర పుస్తకంలో కృతజ్ఞతల పేజీ: ఎవరి పేరు, ఏ మాటతో, ఏ వరసలో

మాస్టారూ, మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. అమలాపురం దగ్గరి మీ ఊరి చరిత్ర 120 పేజీలకు వచ్చింది, డీటీపీ సగం అయింది. సాయపడినవాళ్లు డెబ్బైమంది దాకా ఉన్నారు. అందరినీ వేస్తే ఓటర్ల జాబితాలా ఉంటుంది, కొందరినే వేస్తే ఊళ్లో మాటొస్తుంది. పాత కాగితాలిచ్చిన ఒక పెద్దాయన తన పేరు వద్దంటున్నారు. సంగతులు చెప్పినవాళ్లలో ఇద్దరు ఈలోగా కాలం చేశారు. ఏం చెయ్యాలి?

కృతజ్ఞతల పేజీ మర్యాద కోసం మాత్రమే అనుకుంటే ఈ చిక్కులేవీ తెగవు. పుస్తకం చదివి “ఈ ఇనాం సంగతి వీళ్లకెలా తెలిసింది?” అని అడిగేవాడు ముందుగా తిప్పి చూసేది ఆ పేజీనే. ఎవరు, ఏమిచ్చారు, ఎప్పుడిచ్చారు అన్నది అక్కడ తేలాలి. “ప్రత్యక్షంగా, పరోక్షంగా సహకరించిన ప్రతి ఒక్కరికీ పేరుపేరునా కృతజ్ఞతలు” అని రాస్తుంటారు. అందులో ఒక్క పేరూ ఉండదు, చేసిన పనీ ఉండదు. ఆ వాక్యం మీ ప్రూఫులో ఉంటే కొట్టెయ్యండి.

అనుమతి, ఆధారం, కృతజ్ఞత మూడూ వేరు. ఫొటో వేసుకోవడానికి ఇంటివారి దగ్గర సంతకం తీసుకోవడం అనుమతి. ఫొటో కింద “ఫలానా వారి కుటుంబ సేకరణ నుంచి” అని వెయ్యడం ఆధారం. వెనక పేజీలో ఒక వాక్యం రాయడం కృతజ్ఞత. ఒకటి చేస్తే మిగతా రెండూ తీరిపోయాయనుకోవడం వల్లే గొడవలు వస్తాయి. చివర్లో పేరు వేశాం కదా అని పాత పెళ్లిఫొటో అడక్కుండా అచ్చేస్తే, ఆ ఫొటోలో ఉన్న పెద్దావిడ మనవడు వచ్చి నిలదీస్తాడు. చట్టం కూడా తెలిసుండాలి. డబ్బిచ్చి స్టూడియోవాళ్లతో తీయించుకున్న ఫొటో మీద హక్కు, వేరే ఒప్పందం ఏదీ లేకపోతే, తీయించుకున్నవారిది. 1957 కాపీరైట్ చట్టం చెప్పేది అదే. ఫొటోగ్రాఫర్ తన ఇష్టంతో తీసిన ఊరి దృశ్యాలూ, తీర్థాల ఫొటోలూ మాత్రం ఆయనవి. కాబట్టి ఎవరిని అడగాలో ఫొటోను బట్టి మారుతుంది.

ఇప్పుడు మీ డెబ్బైమంది సంగతి. పెద్ద నోటుబుక్కు ఒకటి తీసుకుని ఒక్కొక్కరికి అర పేజీ కేటాయించండి. పేరు, తండ్రి పేరు, ఏ వీధి, ఏమిచ్చారు లేక ఏం చెప్పారు, ఏ తేదీన, ఇచ్చిన వస్తువు తిరిగి అప్పజెప్పారా, పేరు వేసుకోమన్నారా, పుస్తకంలో అది ఏ పేజీలో వాడారు అన్నవి రాయండి. చివరి మూడు గడుల్లో ఏది ఖాళీగా ఉన్నా కృతజ్ఞత రాయడానికి ఇంకా వేళ కాలేదన్నమాట. వస్తువు తిరిగివ్వకుండా ధన్యవాదాలు అచ్చేస్తే ఊళ్లో అది వెటకారంగా వినపడుతుంది. అరువు తెచ్చిన ఫొటోలను రెండువైపులా స్కాన్ చేసి (ఫొటోలు 600 డీపీఐ, కాగితాలు 300 చాలు), దేని కవరు దానికి పెట్టి, కవరు మీద అంకె వేసి తిరిగిచ్చెయ్యండి. ఫొటో వెనక పెన్నుతో ఏమీ రాయకండి. మన గాలిలో తేమ ఎక్కువ, సిరా ముందువైపుకు ఊరుతుంది. 1986 వరదలోనో 1996 తుపానులోనో తడిసి అట్టకట్టిన కాగితాలను బలవంతంగా విడదియ్యకుండా అలాగే ఫొటో తీసి ఇచ్చెయ్యడం మేలు. అలా ఇచ్చినవారి గురించి రాసేటప్పుడు “తడిసిన దఫ్తరాన్ని భద్రంగా ఉంచి చూపించారు” అని రాయండి, అందులోనే దాని పరిస్థితీ తెలుస్తుంది.

పేరు ఎవరిది వారి చేత తెలుగులో రాయించుకోండి. ఆధార్ కార్డు మీది ఇంగ్లీషు పేరు చూసి రాస్తే తప్పకుండా దెబ్బతింటారు. ఇంగ్లీషు అక్షరాల్లో ల, ళ ఒకటే, న, ణ ఒకటే, ద, డ ఒకటే. పెద్దవాళ్లు ఇంటిపేరు అక్షరం మారితే పేరే మారినట్టు బాధపడతారు, అది న్యాయమే. రెండో చిక్కు ఇంకా మనదైనది. తాతపేరు మనవడికి పెట్టే ఊళ్లలో 1910లో కరణం చేసినాయనకీ ఇప్పుడు మీకు దఫ్తరం చూపించినాయనకీ ఇంటిపేరుతో సహా ఒకే పేరు ఉంటుంది. తండ్రి పేరో, వీధో, వృత్తో చేర్చకపోతే ముప్ఫయ్యేళ్ల తర్వాత చదివేవాడు ఇద్దర్నీ ఒకరే అనుకుంటాడు. ఆడవాళ్ల విషయంలో “ఫలానా వారి సతీమణి” అని సరిపెట్టకండి. అటకమీది భోషాణాన్ని ఏళ్ల తరబడి చెదల్నుంచి కాపాడింది ఆవిడ, తాళం తీసిందీ ఆవిడే. పేజీలో ఆయన పేరుంటే అది తప్పు రికార్డు.

ఇక వాక్యం. చేసిన పని వాక్యంలో ఉండాలి, విశేషణాలు వీలైనంత తక్కువుండాలి. మన డెల్టాలో సంకల్పం చెప్పేటప్పుడు కాటన్ దొరను తలుచుకునే శ్లోకం ఉంది కదా, “నిత్య గోదావరీ స్నాన పుణ్యదోయో మహామతిః” అని. ఆయన ఎంత గొప్పవాడో తర్వాతి మాట. రోజూ గోదావరి స్నానం చేసే పుణ్యం ఇచ్చాడని ముందు చెప్పారు. 1852కి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలవల్లో నీళ్లు ఇంటి ముందుకు రావడమే ఆ పుణ్యం. మీరూ అలాగే రాయండి. “విజ్ఞానఖని, సహృదయులు, పూజ్యులు” అని మూడు విశేషణాలు వేసే చోట ఇలా ఒక వాక్యం వెయ్యండి:

“(పేరు) గారు తమ తాతగారి కరణీకం నాటి అడంగళ్లు, జమాబందీ చిట్టాలు మా చేత ఇంటివద్దనే ఫొటోలు తీయించారు. మూడో అధ్యాయంలో పంటల లెక్కలు వాటినుంచి తీసుకున్నవే.”

“(పేరు) గారు గుడి ప్రాకారంలోని శాసనానికి నకలు తీసే రోజున రాతిని కడిగించి, నీళ్లు, నిచ్చెన, పనివాళ్లను సమకూర్చారు.”

“(పేరు) గారు కోటిపల్లి రేవు నుంచి లంకల్లోకి తమ పడవలో తీసుకువెళ్లి, కోతకు గురైన పాత ఊరి జాడలు చూపించారు.”

ఇలా రాస్తే పొగడ్త లేదని ఎవరూ చిన్నబుచ్చుకోరు. పడవ నడిపినవారి పేరు, జిరాక్సు షాపులో పాత కాగితాలను ఫీడర్లో పెట్టకుండా ఒక్కొక్కటీ అద్దంమీద పరిచి తీసినవారి పేరు వెయ్యడానికి చాలామంది వెనకాడతారు, “డబ్బులు తీసుకున్నారు కదా” అని. డబ్బు తీసుకున్నా జాగ్రత్త వారిదే. వెయ్యండి.

పాత రాత చదివిపెట్టినవారికి విడిగా ఒక పేరా కావాలి. కాగితం ఇచ్చినవారు ఒకరు, చదివినవారు ఒకరు, శుద్ధప్రతి రాసినవారు మరొకరు అయ్యే అవకాశం ఎక్కువ. ముగ్గురినీ ఒకే గాటన కట్టకూడదు, ఎందుకంటే తప్పు ఎక్కడ దొర్లిందో రేపు వెతకాల్సి వస్తే ఏ మెట్టు దగ్గర వెతకాలో తెలియాలి. కరణాల లెక్కల్లో తెలుగు అంకెలు, వీసం, పరక, కాణీ లాంటి భిన్నాల గుర్తులు ఉంటాయి. వాటిని చదవగలిగినవాళ్లు ఇప్పుడు తక్కువ. ఫసలీ (పాత శిస్తు లెక్కల సంవత్సరం) కూడా అంతే. ఫసలీ 1310 అని కనిపిస్తే అది 1900 జూలై నుంచి 1901 జూన్ దాకా. 590 కలపడం తెలిసినా, ఏడాది జూలైలో మొదలవుతుందని మరిచి, మే నెల నాటి పద్దును 1900కి వేసేస్తారు. నిజానికది 1901. శకసంవత్సరానికి 78 కలపడంలోనూ చైత్రానికి ముందు నెలలు ఇలాగే మోసం చేస్తాయి. అందుకని “చదివి, తేదీలు సరిచూసినవారు (పేరు) గారు” అని స్పష్టంగా ఉండాలి. తాటాకుల మీది రాత అయితే నిమ్మగడ్డి నూనె రాసి, మసి అద్ది అక్షరాలు పైకి తెచ్చినవారెవరో కూడా రాయండి. చేతగాని చోట ఆకు చిట్లిపోయే పని అది.

నోటిమాటగా చెప్పినవారి సంగతి వేరు. వాళ్లు తేదీలు చెప్పరు, గుర్తులు చెబుతారు. “విజయ నామ సంవత్సరం వరదలో మా గోడ కూలింది” అంటే 1953 ఆగస్టు. “అక్షయలో” అంటే 1986 ఆగస్టు. ఆ గుర్తును మీరు సంవత్సరంగా మార్చారని కృతజ్ఞతల్లోనో అధస్సూచికలోనో ఒక ముక్క ఉండాలి. లేకపోతే మీ లెక్క తప్పయితే నింద ఆ ముసలాయన మీద పడుతుంది. దీనికోసమే “వివరాలు చెప్పినవారివి, వాటికి ఇచ్చిన అర్థం, తేదీలు, పొరపాట్లు రచయితవి” అని ఒకే ఒక వాక్యం పెట్టుకోండి. ఇది అలంకారం కోసం వేసే మాట కాదండి. ఇనాం భూముల గురించో, గుడి మాన్యాల గురించో ఒకాయన చెప్పింది అచ్చయ్యాక, అవతలి పక్షంవాళ్లు ముందు ఆయన గుమ్మంలోకే వెళ్తారు. మీరు చెప్పినదాన్ని ఒప్పుకోని పెద్దలు కూడా ఉంటారు. రెండు అధ్యాయాలు చదివి “ఇది తప్పు” అని గీతలు కొట్టి ఇచ్చినవారికి మిగతావాళ్లకంటే ఒక వాక్యం ఎక్కువే రాయండి. ఆయన అభ్యంతరం ఏమిటో, మీరు ఎంతవరకు మార్చారో చెప్పండి. “ఆయన ఈ నిర్ణయాలతో ఏకీభవించారని అర్థం కాదు” అని చేర్చడం ఆయనకు రక్ష.

వరస దగ్గరే అసలు మాటొచ్చేది. వయసు ప్రకారం అంటే ఆధారం చూపించమంటారు. హోదా ప్రకారం అంటే సర్పంచి, ఎమ్మెల్యే ముందుకొచ్చి, కాగితాలిచ్చిన అవ్వ అడుగుకు పోతుంది. నా సలహా: సాయాన్ని బట్టి నాలుగైదు పేరాలు చేసి (కాగితాలు, నోటిమాట, చదివినవారు, ప్రయాణం-పనిసాయం, ఖర్చు), ఒక్కో పేరాలో ఇంటిపేరు అక్షరక్రమంలో పెట్టండి. “ప్రతి పేరాలోనూ పేర్లు అక్షరక్రమంలో ఉన్నాయి” అని మొదటే చెప్పెయ్యండి. ఆ ముక్క లేకపోతే అక్షరక్రమాన్ని కూడా కులక్రమంగా చదివేవాళ్లు ఉంటారు.

అది రాశాక ఇంకో పరీక్ష చెయ్యండి. మన ఊళ్లలో ఇంటిపేరు చూస్తే వీధి తెలుస్తుంది, వీధి చూస్తే కులం తెలుస్తుంది. నోటుబుక్కులోని వీధి గడి తీసి లెక్కపెట్టండి. డెబ్బైలో అరవైమంది అగ్రహారం, పెద్దవీధి వాళ్లే అయితే అది కృతజ్ఞతల పేజీ లోపం కాదు, పరిశోధనలోనే పేటలు, పాలేలు, మగ్గాల వీధి, రేవు పక్క ఇళ్లు తప్పిపోయాయన్నమాట. పేజీలో పేర్లు సర్ది దాన్ని కప్పిపుచ్చకండి. డీటీపీ సగంలోనే ఉంది కాబట్టి ఒక నెల ఆగి అటువైపు నాలుగిళ్లకు వెళ్లిరండి. కాలవ తవ్విన కూలీల కబుర్లు, కాటన్ కాలంనాటి వలసలు, తుపానుల లెక్కలు అక్కడే ఎక్కువ దొరుకుతాయి.

పేరు వద్దన్న పెద్దాయన విషయంలో బతిమాలకండి. అలాగని పొడి అక్షరాలతో “ఎస్.వి.ఆర్. గారు” అని కూడా వెయ్యకండి, ఊళ్లో అది పేరు వేసినట్టే. “పేరు చెప్పడానికి ఇష్టపడని ఒక కుటుంబం 1900 ప్రాంతపు దస్తావేజులు చూపించింది” అని రాసి, ఆ వాక్యాన్ని అచ్చుకు ముందు ఆయనకు చదివి వినిపించండి. ఆయన పేరు, కాగితాల నకళ్లు ఒక కవర్లో మూసి, ఎవరి దగ్గర ఉంచాలో, ఎన్నాళ్ల తర్వాత తియ్యొచ్చో ఆయన చేతే రాయించుకుంటే ఆధారం పోకుండా ఉంటుంది.

పేరు వెయ్యమన్నా వెయ్యకూడని సందర్భాలు రెండున్నాయి. రాగిరేకుల శాసనం, పాత విగ్రహం, తాళపత్రాల కట్ట ఉన్న ఇంటి చిరునామా పుస్తకంలో పెట్టడమంటే పాతసామాన్ల బేరగాళ్లకు దారి చూపించడమే. ఊరిపేరు దగ్గర ఆపండి. రెండోది ఉద్యోగులు. తహసీల్దారు ఆఫీసులో ఎవరో మంచితనంకొద్దీ పద్ధతి పక్కనపెట్టి రిజిస్టరు చూపిస్తే, పేరుపెట్టి మెచ్చుకోవడం వల్ల ఆయనకు మెమో రావచ్చు. ఆ కాగితానికే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టి ధ్రువీకరించిన నకలు తెచ్చుకోండి, కృతజ్ఞత కార్యాలయానికి చెప్పండి. గుడి శాసనాలకూ ఇంతే. దేవాదాయ శాఖ గుడి అయితే కార్యనిర్వహణాధికారి అనుమతి, కేంద్ర పురావస్తు శాఖ రక్షిత కట్టడం అయితే వారి అనుమతి, ఏ తేదీన ఇచ్చారో రాస్తే చాలు. తలుపు తీసి దీపం పట్టుకున్న అర్చకులవారి పేరు మాత్రం మరవకండి.

సంస్థల పేర్లు అప్పటి పేరుతో రాయండి. ఇక్కడ జిల్లాల పేర్లు తికమకపెడతాయి. 1859 దాకా రాజమండ్రి జిల్లా, ఆ తర్వాత గోదావరి జిల్లా, 1925 నుంచి తూర్పు గోదావరి, 2022 ఏప్రిల్ 4 నుంచి మీది కోనసీమ జిల్లా, అదే ఏడాది ఆ పేరుకు ముందు డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు చేరింది. మీరు 2019లో కాకినాడ కలెక్టరేట్‌లో నకలు తీసుకుని ఉంటే “అప్పటి తూర్పు గోదావరి జిల్లా కలెక్టరేట్, కాకినాడ” అనాలి. ఇప్పటి పేరు వేస్తే తర్వాత వెతికేవాడు అమలాపురం వెళ్లి వట్టిచేతులతో వస్తాడు. చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో చూసినవైతే సంపుటం అంకె కూడా వెయ్యండి. రాజమండ్రి గౌతమీ గ్రంథాలయంలో పాత పత్రికలు తిరగేసి ఉంటే, వెతికిపెట్టిన సిబ్బందిని “గ్రంథాలయ సిబ్బంది” అని వదిలెయ్యకుండా వారిష్టం అడిగి పేర్లు రాయండి. రిజిస్టర్ల పేర్లలోనూ జాగ్రత్త. రైత్వారీ ఊరికి (రైతులే నేరుగా సర్కారుకు శిస్తు కట్టిన ఊరికి) రీసెటిల్మెంట్ రిజిస్టరు ఉంటుంది, జమీందారీ ఎస్టేటు ఊరికి 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత తయారైన సెటిల్మెంట్ ఫెయిర్ అడంగల్ ఉంటుంది. ఒకటి ఇచ్చినవారికి రెండోది ఇచ్చినట్టు కృతజ్ఞత చెబితే తెలిసినవాళ్లు నవ్వుతారు.

కాలం చేసినవారికి “కీ.శే.” అని ముందు పెట్టి, వారు చెప్పిన నెల, సంవత్సరం రాయండి. వారి మాట అచ్చెయ్యడానికి ఒప్పుకున్నట్టు మీ దగ్గర ఆధారం లేకపోతే ఇంటివారికి చదివి వినిపించండి. అచ్చుకు పంపే వారంలో జాబితాలో ఎనభై దాటిన ప్రతివారి ఇంటికీ ఒకసారి ఫోను చెయ్యాలి. ఉన్నవారికి కీ.శే. పడినా, పోయినవారికి పడకపోయినా ఆ పుస్తకం ఆ ఇంట్లో ఎవరూ ముట్టరు.

ఖర్చు పెట్టుకున్నవారి పేరా చివర్లో ఉండాలి, చిన్నదిగా ఉండాలి. మొత్తాలు వెయ్యకండి. దాత ఫొటో లోపలి మొదటి పేజీలో వెయ్యాలని పట్టుబడితే, వెనక అట్ట లోపలివైపు ఇస్తామని ముందే మాటాడుకోండి. డబ్బిచ్చినవారికి రాసింది దిద్దే హక్కు లేదని కూడా అప్పుడే తేల్చుకోవాలి, తర్వాత కుదరదు.

పదేపదే వచ్చే మరో తంటా డీటీపీలో ఉంది. “అను” అనే పాత తెలుగు ఫాంట్లలో కొట్టిన మాటర్‌ను యూనికోడ్‌లోకి మార్చినప్పుడు ఒత్తులు, అరసున్నలు, కొన్ని సంయుక్తాక్షరాలు చెదిరిపోతాయి. మామూలు మాట చెదిరితే పాఠకుడు సర్దుకుంటాడు, ఇంటిపేరు చెదిరితే కనిపెట్టేవాడుండడు. కృతజ్ఞతల పేజీని మార్పిడి చెయ్యకుండా కొత్తగా టైపు చేయించండి. తుది ప్రూఫులో ఎవరి వాక్యం వారికి వాట్సాప్‌లో ఫొటోగా పంపి “సరే” అనిపించుకోండి. ఫోను లేనివారికి చదివి వినిపించండి. మొత్తం పేజీ మాత్రం ఎవరికీ పంపకండి. పంపితే పోలికలు మొదలై వారం పడుతుంది. నిడివి డెమ్మీ సైజులో మూడు పేజీలు దాటకూడదు. డెబ్బైమందికి ఆ మూడూ సరిపోతాయి, కొన్నిచోట్ల ఒకే పనికి నలుగురైదుగురి పేర్లు కలిసొస్తాయి కాబట్టి.

ఈ పద్ధతి కొత్తదేం కాదు. కైఫీయతులు (ఊళ్ల స్థానిక చరిత్రలు) సేకరించిన ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ, తన దగ్గర పనిచేసిన ఏలూరువాడు కావలి బొర్రయ్య చనిపోయి చాలా ఏళ్లయినా, 1817లో రాసిన ఉత్తరంలో ఈ దేశపు విద్యల గుమ్మంలోకి తనకు తొలి అడుగు అతని పరిచయంతోనే పడిందని రాశాడు. జీతమిచ్చి పెట్టుకున్న మనిషి గురించి రాసిన మాట అది.

అచ్చయ్యాక 500 కాపీల్లో ముందు 90 పక్కన పెట్టండి. పేరున్న ప్రతివారికీ ఒకటి, కాలం చేసినవారి ఇళ్లకు, బడికి, పంచాయతీకి, గ్రంథాలయాలకు మిగిలినవి. వారి పేరున్న పేజీలో కాగితపు ముక్క గుర్తు పెట్టి ఇవ్వండి, చాలామంది ముందు అదే వెతుక్కుంటారు. ఆవిష్కరణ సభకు సంక్రాంతి మంచిదే, పై ఊళ్లవాళ్లంతా దిగుతారు. కానీ కోనసీమలో కనుమనాడు పెట్టకండి, జగ్గన్నతోట తీర్థానికి ప్రభలు బయలుదేరితే మీ సభలో కుర్చీలే మిగులుతాయి. ముక్కనుమ ఉదయం పెట్టుకోండి. డెబ్బైమందికీ వేదికమీద శాలువాలంటే మనిషికి ఒక నిమిషం చొప్పున గంట దాటుతుంది, పెద్దవాళ్లు ఎండలో ఉంటారు. నడవలేనివారికి ముందురోజే ఇంటికి వెళ్లి పుస్తకం ఇచ్చెయ్యండి. సభలో పేర్లు చదివితే చాలు.

ఇంత చేసినా ఒకటో రెండో పేర్లు జారిపోతాయి. అందుకు చివరి ఫారంలో పేజీ కేటాయించక్కర్లేదు. అదే కాగితంమీద అదే అక్షరంలో చిన్న స్లిప్పు వేయించి, అమ్మని కాపీలన్నిటిలో కృతజ్ఞతల పేజీ లోపలి అంచుకు జిగురుతో అంటించండి. వదులుగా పెడితే పడిపోతుంది. ఆ స్లిప్పు మొదటి కాపీ పేరు జారినవారి చేతికే వెళ్లాలి.